‘గులేబకావళి కథ’ ఇప్పుడు ఎవరిది? పాత సినిమాల కాపీరైట్ లెక్క

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్ నుంచి మొదలైంది. సిరిసిల్ల నుంచి ఒకన్న పంపాడు. వాళ్లు పది పన్నెండు మంది కలిసి జులై 29న, సినారె జయంతి రోజు, ఒక హాల్లో తెర కట్టి ‘గులేబకావళి కథ’ వేద్దామనుకున్నారు. టికెట్ లేదు. సాంచాల మీద పనిచేసేవాళ్లు షిఫ్ట్ దిగి వచ్చి కూచుంటారు, పెద్దమనుషులు వస్తారు, బడి పిల్లలను తీసుకొస్తారు, అంతే. ఇంతలో ఎవరో ఒకాయన ఫోన్ చేసి "ఆ సినిమా రైట్స్ మా దగ్గరున్నయి, నలభై వేలు కట్టండి, లేకుంటే కేసు పెడతం" అన్నాడట. ఒక అగ్రిమెంట్ జిరాక్స్ కూడా వాట్సాప్‌లో పంపాడు. అందులో నెగటివ్ హక్కులు, వీడియో హక్కులు, శాటిలైట్ హక్కులు, 99 సంవత్సరాలు అని రాసి ఉంది. వీళ్లు చందాలేసుకుని జమ చేసిందే పదిహేను వేలు. "తమ్మీ, కట్టాల్నా? బంద్ చేసుకోవాల్నా?" అని అడిగాడు.

నేను లాయర్‌ని కాదు. బీటెక్ చేసి కొన్నేళ్లు కోడ్ రాసినవాణ్ణి. కానీ ఈ కాపీరైట్ వ్యవహారం చదువుతుంటే నాకు చట్టంలా కంటే ప్రోగ్రామ్‌లా కనిపించింది. ఇన్‌పుట్లు సరిగ్గా ఇస్తే జవాబు వస్తుంది. ఇన్‌పుట్ ఏ ఒక్కటి తప్పినా జవాబు మొత్తం తప్పుతుంది. అందుకని ఈ ఒక్క సినిమానే పట్టుకుని, దాని స్థితి ఎలా తేల్చాలో మొదటి నుంచి చూద్దాం.

ముందు ఈ సినిమానే ఎందుకు? తెలిసినవాళ్లకు తెలుసు, కొత్తవాళ్ల కోసం చెప్తున్నా. సి. నారాయణరెడ్డి గారిది హనుమాజీపేట. వేములవాడ పక్కన, ఇప్పటి రాజన్న సిరిసిల్ల జిల్లా. పుట్టింది 1931లో. నిజాం కాలం కాబట్టి డిగ్రీ దాకా చదువు ఉర్దూ మీడియంలో సాగింది. ఉర్దూలో చదువుకున్న పిల్లాడు తెలుగు ప్రొఫెసర్ అయ్యాడు, ‘విశ్వంభర’కు జ్ఞానపీఠం తెచ్చాడు. ఆయన సినిమా పాట మొదలైంది గులేబకావళి కథతోనే. ఎన్టీఆర్ పిలిచి సినిమాలో పాటలన్నీ ఆయనతోనే రాయించారు. కొత్త రచయితకు ఒకట్రెండు పాటలిచ్చి చూసే రోజుల్లో అది మామూలు విషయం కాదు. కాబట్టి సిరిసిల్ల వాళ్లు జయంతికి ఈ సినిమా వేద్దామనుకోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం.

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, అమల్లోకి వచ్చింది 1958 జనవరి 21న. అందులో సెక్షన్ 26 సినిమాల గడువు గురించి. సినిమా జనంలోకి వచ్చిన సంవత్సరం ఉంది కదా, దాని తర్వాత వచ్చే జనవరి 1 నుంచి 60 ఏళ్లు. విడుదలైన రోజు నుంచి కాదు. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. గులేబకావళి కథ విడుదల 1962 జనవరి 5. హక్కు సినిమా తీసినప్పటి నుంచే ఉంటుంది కానీ 60 ఏళ్ల మీటర్ తిరగడం మొదలయ్యేది 1963 జనవరి 1న. ఆగేది 2022 డిసెంబర్ 31 అర్ధరాత్రి. 1962కు 60 కలిపి, 2022 జనవరి 5తో అయిపోయిందనుకుని ఆ ఏడాది ఫిబ్రవరిలో ఎవరైనా ఎక్కించి ఉంటే, వాళ్లు ఇంకా గడువున్న సినిమానే ఎక్కించినట్టు. మా భాషలో దీన్ని ఆఫ్ బై వన్ ఎర్రర్ అంటాం. కోడ్‌లో అయితే ఒక బగ్, ఇక్కడ అయితే ఒక కేసు.

ఇంకో తమాషా చూడండి. అదే సినిమా ఒక వారం ముందు, 1961 డిసెంబర్ ఆఖర్లో వచ్చి ఉంటే, 2021తోనే గడువు తీరేది. ఏడు రోజులకు ఒక ఏడాది తేడా. అందుకే డిసెంబర్ చివర్లోనో సంక్రాంతి ముందో వచ్చిన సినిమా అయితే తేదీ ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి.

ఈ 60 ఎక్కడిదంటే, దాని వెనక కూడా ఒక ముచ్చట ఉంది. చట్టంలో మొదట ఉన్నది 50 ఏళ్లే. రవీంద్రనాథ్ ఠాగూర్ 1941 ఆగస్టులో పోయారు. రచయితల హక్కు అప్పుడు జీవితకాలం, ఆ తర్వాత 50 ఏళ్లు. అంటే 1991 డిసెంబర్ 31తో ఠాగూర్ రచనలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. ఆ హక్కులున్న విశ్వభారతి గడువు పెంచమని అడిగింది. కేంద్రం పెంచింది. ఎప్పటి నుంచి? 1991 డిసెంబర్ 28 నుంచి. గడువుకు సరిగ్గా మూడు రోజుల ముందు! ఠాగూర్ కోసం తెరిచిన తలుపులోంచి సినిమాలు, గ్రామఫోన్ రికార్డులు కూడా లోపలికి వెళ్లిపోయాయి. లేకపోతే మన గులేబకావళి 2012తోనే అయిపోయేది. శాంతినికేతన్‌లో జరిగిన వ్యవహారం సిరిసిల్ల తెరను పదేళ్లు ఆపిందన్నమాట.

ఒక జాగ్రత్త. నేను 1958 తర్వాతి సినిమాను తీసుకున్నది కావాలనే. అంతకుముందు మనకు నడిచింది బ్రిటిష్ కాలం చట్టం. దాంట్లో సినిమాకు ప్రత్యేకంగా ఒక గది లేదు, ఫొటోల వరుసగానో నాటకంగానో చూసేవాళ్లు. కాబట్టి 1940ల సినిమాల దగ్గర ఈ సూత్రాన్ని కళ్లు మూసుకుని వాడకండి. 1958 తర్వాతి వాటికి మాత్రం లెక్క సాఫ్.

సరే, 1962 జనవరి 5 అని నేను చెప్తే మీరెందుకు నమ్మాలి? ఇంటర్నెట్‌లో ఉందని నమ్మకూడదు. మన మొదటి టాకీ ‘భక్త ప్రహ్లాద’ సంగతే చూడండి. 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఏళ్ల తరబడి పుస్తకాల్లో రాశారు, తెలుగు సినిమా పుట్టినరోజని ఆ రోజే చేశారు. జర్నలిస్టు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సార్ వివరాలు తవ్వి తీశారు. ఆ సినిమాకు సెన్సార్ సర్టిఫికెట్ వచ్చిందే 1932 జనవరి 22న. బొంబాయిలో విడుదల 1932 ఫిబ్రవరి 6న. సెన్సార్ కాని సినిమా నాలుగు నెలల ముందే ఎట్లా ఆడుతుంది? ఒక్క కాగితం దొరికితే పుట్టినరోజే మారిపోయింది. కాపీరైట్ లెక్కలో అయితే సంవత్సరమే మారిపోతుంది.

కాబట్టి తేదీకి ఆధారాలు మూడు చోట్ల వెతకండి. ఒకటి, ఆనాటి దినపత్రికల్లో ‘నేడే విడుదల’ ప్రకటనలు. ఇది అన్నిటికంటే గట్టిది, ఎందుకంటే చట్టం అడిగేది జనం ముందుకు ఎప్పుడొచ్చిందని. రెండు, సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్. దాని మీద తేదీ ఉంటుంది, దరఖాస్తు చేసినవాళ్ల పేరు ఉంటుంది. కానీ మోసపోవద్దు. పాత సినిమాను మళ్లీ విడుదల చేసేటప్పుడు కొత్త సర్టిఫికెట్ తీసుకున్న ప్రింట్లు ఉంటాయి. 1962 సినిమా మొదట్లో 1980ల తేదీ కనిపిస్తే అది మళ్లీ సెన్సార్ అయిన తేదీ. మళ్లీ విడుదల చేసినంత మాత్రాన మీటర్ మొదటికి రాదు. మూడోది పాటల పుస్తకం. థియేటర్ బయట పైసల్లో అమ్మేవాళ్లే, ఆ సన్న పుస్తకం. నా లెక్కలో అది బంగారం. బ్యానర్, నిర్మాత, పాటలు ఎవరు రాశారు, సంగీతం ఎవరు, కథ ఎవరిది, అన్నీ ఒక్కచోట ఉంటాయి.

నిర్మాత పేరు ఎందుకంటే, మన చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే. హీరో కాదు, డైరెక్టర్ కాదు. గులేబకావళి కథలో హీరో ఎన్టీఆర్, దర్శకత్వమూ ఎన్టీఆరే. అయినా చట్టం చూసేది నేషనల్ ఆర్ట్ థియేటర్ బ్యానర్ మీద నిర్మాతగా ఉన్న ఆయన తమ్ముడు ఎన్. త్రివిక్రమరావు వైపు. ఇంకొకటి, ఢిల్లీలో కాపీరైట్ రిజిస్టర్ అని ఒకటి ఉంది. అందులో పేరు లేకపోతే హక్కు లేదనుకోవద్దు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఉంటే సాక్ష్యంగా పనికొస్తుంది, అంతే.

ఇంతవరకు విన్నవాళ్లు "అయితే 2022తో అయిపోయింది, నలభై వేలు కట్టక్కర్లేదు, వీడియో అయిపోయింది" అనుకుంటారు. కాలేదు. అసలు చిక్కు ఇప్పుడే మొదలవుతుంది.

సాఫ్ట్‌వేర్‌లో డిపెండెన్సీలు అంటాం. నేను ఒక యాప్ రాస్తాను. దాంట్లో వేరేవాళ్లు రాసిన లైబ్రరీలు నాలుగు వాడతాను. నా యాప్ లైసెన్స్ ఒకటి, ఆ నాలుగింటివీ వేరు. నాది ఫ్రీ అయినంత మాత్రాన అవి ఫ్రీ కావు. సినిమా కూడా అచ్చం అట్లాంటి కట్టే. కథ ఒకటి, మాటలు ఒకటి, పాటల సాహిత్యం ఒకటి, బాణీ ఒకటి, రికార్డింగ్ ఒకటి. చట్టంలో సెక్షన్ 13 ఈ మాటే చెప్తుంది. సినిమా మీద ఉన్న హక్కు, ఆ సినిమా దేని మీద ఆధారపడిందో ఆ రచనల విడి హక్కును తాకదు.

ఇప్పుడు ఆ కట్ట విప్పుదాం. గులేబకావళి కథ అనేది పాత ఉర్దూ, పారసీ జానపద కథ, దానికి యజమాని లేడు. రికార్డింగ్ గడువు కూడా సినిమా లాగే 60 ఏళ్లు. 1962లో గ్రామఫోన్ రికార్డుగా వచ్చిందనుకుంటే 2022తో సరి. బాణీల దగ్గర సంగీత దర్శకులు ఇద్దరు, జోసెఫ్, కృష్ణమూర్తి. ఇద్దరు కలిసి చేసిన పని అయితే, ఆఖరున పోయినవాళ్ల సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్కపెట్టాలి. మాటల రచయితకూ అంతే, ఆయన పోయిన ఏడాది తర్వాత 60.

ఇక పాటల సాహిత్యం. సినారె గారు 2017 జూన్ 12న పోయారు. మీటర్ 2018 జనవరి 1న మొదలైంది. 60 కలపండి. 2077 డిసెంబర్ 31.

మళ్లీ చెప్తున్నా. సినిమా గడువు 2022తో అయిపోయింది. అదే సినిమాలో పాటల అక్షరాల గడువు 2077 దాకా ఉంది. ఆ హాల్లో ముందు వరసలో కూచునే పదేళ్ల పిల్లాడికి అప్పటికి అరవై దాటుతాయి. సినిమా రాయినప్పుడు సినారె చిన్నవాడు, పైగా 85 ఏళ్లు బతికాడు. రచయిత ఎంత నిండుగా బతికితే పాట అంత ఆలస్యంగా అందరిదవుతుంది. ఇది బాగుందా అంటే, నాకైతే అంత బాగా అనిపించదు. పోయినవాళ్ల తర్వాత 60 ఏళ్లంటే మునిమనవళ్ల దాకా. కానీ చట్టం అది.

మరి ఆ సాహిత్యం హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది? రచయిత కుటుంబం దగ్గరనుకుంటాం. అవసరం లేదు. 1977లో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి ఉంది, ఇండియన్ పెర్ఫార్మింగ్ రైట్ సొసైటీకీ, ఈస్టర్న్ ఇండియా మోషన్ పిక్చర్స్ అసోసియేషన్‌కూ నడిచిన కేసు. నిర్మాత డబ్బిచ్చి సినిమా కోసం పాట రాయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి యజమాని నిర్మాతే అని తేల్చింది. 2012లో చట్టం మార్చి, థియేటర్‌లో సినిమాతో పాటు వినిపించడం కాకుండా బయట పాట వాడుకుంటే వచ్చే రాయల్టీలో రచయిత, సంగీత దర్శకుడి వాటాను ఎవరూ రాయించుకోకుండా చేశారు. అది ఆ ఏడాది జూన్ 21 నుంచి అమలు. 1962 పాట మాత్రం పాత పద్ధతిలో పుట్టింది. కాబట్టి ఆ పాట నిర్మాత వైపు ఉండొచ్చు, అక్కడి నుంచి మ్యూజిక్ కంపెనీకి పోయి ఉండొచ్చు. యజమాని ఎవరైనా గడువు మాత్రం రాసినాయన ఆయుష్షుతోనే ముడిపడి ఉంటుంది. ఇల్లు ఎన్ని చేతులు మారినా కట్టిన సంవత్సరం మారదు కదా, అట్లా.

ఇప్పుడు ఆ 99 ఏళ్ల కాగితం. మన సినిమా వ్యాపారంలో ‘నెగటివ్ రైట్స్’ అనే మాట బాగా నడుస్తుంది. అదేంటో అర్థం కావాలంటే ‘మాయాబజార్’ సంగతి తెలియాలి. 1957 సినిమా, విజయా వాళ్లది. 2007లో హైదరాబాద్ కంపెనీ గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ మాయాబజార్‌తో కలిపి 14 తెలుగు సినిమాల ప్రపంచ నెగటివ్ హక్కులు కొన్నది. రంగులద్ది, మోనో సౌండ్‌ను డీటీఎస్‌గా మార్చి, 2010 జనవరి 30న 45 థియేటర్లలో వదిలింది. సినిమా ఆడింది, పేరొచ్చింది. అయినా మిగతా సినిమాలు చేయమని చెప్పేసింది. ఎందుకో తెలుసా? చాలామంది నిర్మాతలు నెగటివ్ హక్కులను టీవీ ఛానెళ్లకు అమ్ముకుని పట్టు పోగొట్టుకున్నారు, ఎవరేం చేద్దామన్నా యాజమాన్యం గొడవలు అడ్డం పడుతున్నాయి అని. రంగులద్దే టెక్నాలజీ దొరికింది, డబ్బు దొరికింది, ‘ఇది ఎవరిది’ అన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. నా దృష్టిలో తెలుగు సినిమా చరిత్రలో కాపీరైట్ చేసిన నష్టానికి ఇంతకంటే పెద్ద ఉదాహరణ అక్కర్లేదు.

నెగటివ్ అంటే ఒక వస్తువు, డబ్బాలో ఉన్న రీలు. కాపీరైట్ అంటే హక్కు. రెండూ ఒకరి దగ్గరే ఉండొచ్చు, వేరువేరు చోట్లా ఉండొచ్చు. అమ్మకం కాగితంలో 99 ఏళ్లని రాసినా, శాశ్వతంగా అని రాసినా, చట్టం ఇచ్చిన గడువును మించి అమ్మడం ఎవరివల్లా కాదు. మిడ్ మానేరులో మునిగిన పొలానికి 99 ఏళ్ల కౌలు కాగితం చూపించినట్టు ఉంటుంది. కాగితం అబద్ధం కాకపోవచ్చు, పొలమే లేదు.

కాబట్టి సిరిసిల్ల అన్నకు నా జవాబు ఇది. ఫోన్ చేసినాయనను తిట్టకండి, భయపడకండి. ఒక్క ప్రశ్న రాతపూర్వకంగా అడగండి. "మీరు అడుగుతున్నది సినిమా హక్కు కిందనా, పాటల సాహిత్యం, సంగీతం హక్కు కిందనా?" సినిమా హక్కు అంటే, 1962 విడుదల, సెక్షన్ 26, 2022 డిసెంబర్ 31తో ముగిసింది అని ఒక్క ముక్కలో రాయండి. ఆయన పంపిన జిరాక్స్‌లో నెగటివ్, వీడియో, శాటిలైట్ తప్ప సాహిత్యం మాటే లేదు. ఉంటే, దాన్ని ఎవరి నుంచి ఎప్పుడు తీసుకున్నాడో చూపించమనండి. హక్కుల బదిలీ నోటిమాటతో చెల్లదు, సంతకం పెట్టిన కాగితం ఉండాలి. మొదటి నిర్మాత నుంచి ఈయన దాకా గొలుసులో ప్రతి లింకూ కనిపించాలి. మధ్యలో ఒక్కటి లేకపోయినా ఆయన చేతిలో ఏమీ లేనట్టే. ఇంకో సంగతి, చాలామందికి తెలియదు. హక్కు లేకుండానే కేసు పెడతామని బెదిరిస్తే, బెదిరింపుకు గురైనవాళ్లే కోర్టుకు వెళ్లే వీలుంది. చట్టంలో సెక్షన్ 60. బెదిరింపు ఆపించొచ్చు, నష్టపరిహారమూ అడగొచ్చు. ఆ సెక్షన్ నంబర్ ఉత్తరంలో రాస్తే చాలు, చాలాసార్లు స్వరం మారుతుంది.

పాటల సంగతి మాత్రం నిజాయితీగా చూసుకోవాలి. ఔత్సాహిక సంఘాలు టికెట్ లేకుండా సాహిత్య, సంగీత రచనలను ప్రదర్శించుకునే మినహాయింపు చట్టంలో సెక్షన్ 52లో ఉంది. మీది ఉచితమే కాబట్టి అది మీ వైపు మాట్లాడుతుంది. అయినా పూర్తి ధీమా కావాలంటే ఐపీఆర్ఎస్ అని రచయితలు, సంగీత దర్శకుల హక్కుల సంఘం ఉంది, ఒక రోజు కార్యక్రమానికి లైసెన్స్ ఇస్తుంది. వాళ్లను అడగండి. కరపత్రం మీద పాటలు అచ్చేస్తామన్నారు చూడండి, అది మాత్రం వద్దు. అది సినిమా వేయడం కాదు, సాహిత్యాన్ని విడిగా ముద్రించడం. 2077 లెక్క నేరుగా వర్తించేది దానికే. ఫ్లెక్సీ మీద పాత పోస్టర్ వేద్దామన్నారు, అక్కడా ఒక మెలిక ఉంది. పోస్టర్ బొమ్మ గీసినాయన వేరే కళాకారుడు, దాని గడువు ఆయన జీవితకాలం, తర్వాత 60. దాని బదులు సినిమాలోంచే ఒక ఫ్రేమ్ ఆపి తీసుకోండి, అది సినిమాలో భాగమే.

ఇక కోరుట్ల. అక్కడి నుంచి ఒక పెద్దాయన అడిగారు. వెనకట క్యాసెట్ల షాపు నడిపారట, ఇప్పుడు అదే షట్టర్‌లో జిరాక్స్, రీచార్జ్. అటక మీద మూడు వందల దాకా పాత సినిమాల వీసీడీలున్నాయి. "అన్నీ ఒరిజినలే బిడ్డా, పైసలు పెట్టి కొన్నయే. మా మనవడు ఛానెల్ పెట్టి ఎక్కిస్తనంటుండు. ఎక్కియ్యచ్చా?" అని.

బాపూ, డిస్క్ మీదే, అందులో ఉన్నది మీది కాదు. ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే అని కవర్ మీదే రాసి ఉంటుంది. అయితే సంవత్సరాలు చూసుకుంటే కొన్నిటికి దారి ఉంది. 1963లో వచ్చిన లవకుశ, నర్తనశాలల సినిమా హక్కు 2023తో ముగిసింది. 1964 నాటి మూగ మనసులు, రాముడు భీముడు 2024తో. 1965 నాటి పాండవ వనవాసం, తేనె మనసులు 2025 డిసెంబర్ 31తో. అన్నిటికీ పాటల చిక్కు అలాగే ఉంది. మూగ మనసులు పాటలు రాసినవాళ్లలో ఆత్రేయ ఒకరు, ఆయన పోయింది 1989లో, అంటే 2049 దాకా. 1970ల, 80ల డిస్కులు మాత్రం అటక మీదే ఉండనివ్వండి. రంగులద్దినవి, కొత్తగా సౌండ్ మార్చినవి కూడా వద్దు, వాటి మీద కొత్త పని చేసినవాళ్ల క్లెయిమ్ వేరే వస్తుంది.

చివరిది జగిత్యాల. పాత సినిమాల మీద ఛానెల్ నడిపే తమ్ముడొకడు. 1962 సినిమాల మీద మాట్లాడుతూ మధ్యలో సినిమా ముక్కలు వేస్తాడు. రెండు వీడియోలకు క్లెయిమ్ పడింది. "సినిమా ఫ్రీ అయింది కదన్నా, నాకెందుకు పడ్డది?" అంటాడు.

మూడు కారణాలుండొచ్చు. మొదటిది, క్లెయిమ్ వేసేది జడ్జి కాదు, ప్రోగ్రామ్. ఎవరో ఇచ్చిన ఆడియోతో నీ ఆడియోను పోల్చి చూస్తుంది, కలిస్తే చీటీ పంపుతుంది. దానికి సెక్షన్ 26 తెలియదు. పాట ముక్క మీద పడితే ఆ క్లెయిమ్‌లో నిజం ఉండే అవకాశం ఎక్కువ, సన్నివేశం మీద పడితే తక్కువ. కాబట్టి ముందు ఎక్కడ పడిందో చూడు.

రెండోది, ఆ ముక్క ఎక్కడి నుంచి తెచ్చావ్? మూలన ఛానెల్ లోగో ఉంటే టీవీ నుంచి రికార్డ్ చేసిందే. ప్రసారం చేసిన ఛానెల్‌కు తన ప్రసారం మీద విడిగా 25 ఏళ్ల హక్కు ఉంటుంది, సెక్షన్ 37. సినిమా ఎంత పాతదైనా సరే. లోగో మీద బ్లర్ వేస్తే హక్కు పోదు.

మూడోది దేశాల మధ్య తేడా. నీ వీడియో జగిత్యాలలోనే ఆడదు, డల్లాస్‌లోనూ ఆడుతుంది. అమెరికా లెక్క వేరు. 1996 జనవరి 1 నాటికి సొంత దేశంలో హక్కు బతికి ఉన్న విదేశీ సినిమాలకు అక్కడ, మామూలుగా, విడుదలైన ఏడాది నుంచి 95 ఏళ్ల గడువు. మన గులేబకావళికి 1996లో ఇక్కడ హక్కు ఉంది. కాబట్టి అమెరికాలో 2057 చివరి దాకా. ఇక్కడ తెర కట్టి వేయడానికి అడ్డు లేని సినిమాను, ప్రపంచమంతా చూసే చోట మొత్తంగా ఎక్కించడం వేరే సంగతి. పాత సినిమా మొత్తం ఎక్కించేవాళ్లకు నేను చెప్పే ఒక్క మాట ఇదే.

నువ్వు చేసేది మాత్రం మొత్తం ఎక్కించడం కాదు, విమర్శ, సమీక్ష. దానికి సెక్షన్ 52లో చోటుంది, గడువున్న సినిమాకు కూడా. పది సెకన్ల రూల్, ముప్పై సెకన్ల రూల్ అని అందరూ చెప్తారు. అట్లాంటి రూల్ చట్టంలో ఎక్కడా లేదు. నువ్వు చెప్పే పాయింట్‌కు ఎంత ముక్క అవసరమో అంత. మాట్లాడకుండా నాలుగు నిమిషాల పాట వదిలేస్తే అది సమీక్ష కాదు, పాట పెట్టడమే. డిస్ప్యూట్ రాసేటప్పుడు ‘ఫెయిర్ యూజ్’ అని రెండు పదాలు కొట్టి వదిలేయకు. సినిమా పేరు, విడుదల తేదీ, దానికి ఆధారమైన పత్రిక ప్రకటన, గడువు ముగిసిన తేదీ, ఏ నిమిషం నుంచి ఏ నిమిషం దాకా వాడావో, దాని మీద ఏం మాట్లాడావో, ఇవి వరసగా రాయి.

ఆ పత్రిక ప్రకటనలు, పాటల పుస్తకాలు మీ ఇళ్లల్లో ఉంటాయి. తాతల పెట్టెల్లో, బీరువా కింద పరిచిన పేపర్లలో. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల, వేములవాడ చుట్టుపక్కల ఎవరి దగ్గరున్నా పుస్తకం మొదటి పేజీ, చివరి పేజీ ఫొటో తీసి పంపండి. పాటలున్న పేజీలు వద్దు. పేర్లు, సంవత్సరాలు ఉన్న పేజీలు చాలు. వచ్చినవన్నీ ఒక షీట్‌లో పెట్టి, ఏ సినిమా ఏ ఏడాది బయటికొస్తుందో కింద లింక్‌లో ఇస్తాను.